‘ఊరికే కలిపాను’ అంటే సరిపోదు

మా టైపింగు దుకాణం సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయానికి ఎదురుగా ఉంటుంది. పదిహేనేళ్లుగా అమ్మకపు ఒప్పందాలు, దస్తావేజుల ముసాయిదాలు టైపు చేస్తున్నాను. దుకాణానికి వచ్చేవారితో ఏర్పడిన పరిచయాల వల్ల ఏడాదికి నాలుగైదు స్థలాల విషయంలో అమ్మేవారినీ కొనేవారినీ కలిపి, అందుకు రుసుము కూడా తీసుకుంటున్నాను. ఇన్నేళ్లలో ఆ బల్ల దగ్గర నేను అన్నిటికంటే ఎక్కువగా విన్న మాట “నేను బ్రోకరును కాదండీ, ఊరికే కలిపాను” అన్నదే. బడి పంతుళ్లు, బీమా ఏజెంట్లు, కిరాణా కొట్టు యజమానులు, రిటైరైన ఉద్యోగులు అందరూ ఆ మాట అన్నవారే. అలా అన్నవారిలో చాలామంది ఆ రోజు సాయంత్రానికి జేబులో ఎంతో కొంత వేసుకుని ఇంటికి వెళ్లినవారే. ఒకప్పుడు నేనూ ఆ మాటే అన్నాను.

ఇద్దరిని కలిపినందుకు డబ్బు తీసుకోవడం తప్పు కాదు. అది పని, దానికి కూలి ఉంది. అయితే ఆ కూలి ఎంతో, ఎవరి దగ్గర తీసుకుంటున్నామో ఇద్దరికీ ముందే తెలియాలి, కాగితం మీద ఉండాలి. ఈ షరతు నేను నీతి కోసం పెట్టింది మాత్రమే అనుకోవద్దు, మన చట్టం కూడా చాలావరకు అడిగేది ఇదే. ‘ఊరికే కలిపాను’ అన్న ముసుగు మన కూలి హక్కునే ముందు దెబ్బతీస్తుందని, ఆ తర్వాత మనల్నే చిక్కుల్లో పడేస్తుందని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట జరిగిన ఒక బేరంతో మొదలుపెడతాను. మా పట్టణం శివారులో 200 గజాల ప్లాటు ఒక పెద్దావిడది. భర్త పోయాక కూతురి పెళ్లి అప్పు తీర్చడానికి అమ్మదలచింది. పాత దస్తావేజు జిరాక్సు తీయించడానికి మా దుకాణానికి వచ్చినప్పుడు మాటల్లో ఆ సంగతి చెబితే, నాకు తెలిసిన మధ్యవర్తి ఒకాయనకు ఆమెను చూపించాను. ఆయన ఆమెతో గజం 12,000 రూపాయలకు మాట ఖాయం చేసుకున్నాడు, తన కమీషన్ ఒక్క శాతమని చెప్పాడు. అంటే 24 లక్షల మీద 24,000. ఆమె ఒప్పుకుంది. రిజిస్ట్రేషన్ రోజున అందరూ మా దుకాణం ముందు బెంచీ మీద కూర్చున్నారు. పెద్దావిడ బొటనవేలికి అంటిన సిరాను కొంగు అంచుతో తుడుచుకుంటూ ఉంది. కొనేవారి ఇల్లాలు పక్కకు జరిగి కూర్చుని, మామూలుగా అడిగినట్టే అడిగింది: “అమ్మా, గజానికి పద్నాలుగు వేల ఐదొందలు పెట్టి కొన్నాం. బోరు వేస్తే నీళ్లు పడతాయా అక్కడ?”

పెద్దావిడ చేయి ఆగిపోయింది. “పద్నాలుగున్నరనా? నాకు పన్నెండే గదా ఇచ్చింది” అంది. తర్వాత కాసేపు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. మధ్యవర్తి ఫోను చెవి దగ్గర పెట్టుకుని రోడ్డు దాటి అటువైపు వెళ్లిపోయాడు. గజానికి 2,500 చొప్పున 200 గజాలకు 5 లక్షలు. దానిపైన ఆమె చేతి నుంచే తీసుకున్న 24,000 వేరు. అందులోంచి నాకు ముందు రోజే 20,000 అందాయి, ‘పరిచయం చేసినందుకు’ అని. వాటి వెనుక ఇంత తేడా ఉందని నాకు తెలియదు. తెలుసుకోవాలని నేను అడగనూ లేదు. వారం తర్వాత ఆ 20,000 పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాను. ఆమె లెక్కపెట్టకుండానే తీసుకుని పక్కన పెట్టి, “తక్కినయి ఎవరిని అడగాలె బిడ్డా?” అంది. ఆ ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత చదివి తెలుసుకున్నాను, జవాబు 1872 నుంచీ ఉంది.

భారత కాంట్రాక్టు చట్టం ఆ ఏడాదిదే. అందులో ఏజెన్సీ గురించిన అధ్యాయం 182వ సెక్షనుతో మొదలవుతుంది. ఒకరి తరఫున మూడో మనిషితో వ్యవహరించేందుకు నియమితుడైనవాడు ఏజెంటు. దానికి విజిటింగు కార్డు, ఆఫీసు, బోర్డు అక్కరలేదు, నోటిమాటతో కూడా ఆ సంబంధం ఏర్పడుతుంది. 216వ సెక్షను చెప్పేది ఇంకా సూటిగా ఉంటుంది. యజమానికి, అంటే ఏజెంటును పెట్టుకున్నవారికి, తెలియకుండా ఏజెంటు ఆ పనిలోనే తన సొంత ఖాతా మీద వ్యవహారం నడిపితే, అతనికి అందులో కలిగిన లాభాన్ని యజమాని అడిగి తీసుకోవచ్చు. 220వ సెక్షను ప్రకారం పనిలో తప్పు నడత చూపినవాడికి, ఆ భాగానికి సంబంధించిన ప్రతిఫలం మీద కూడా హక్కు ఉండదు. అంటే ఆ పెద్దావిడ 5 లక్షలే కాక, ఇచ్చిన 24,000 కూడా అడగడానికి ఆధారం ఉండేది. ఆమె కోర్టుకు వెళ్లలేదు. వెళ్లమని చెప్పేంత జ్ఞానం ఆనాడు నాకూ లేదు. ఇప్పటికీ నన్ను బాధించేది అదే.

ఇక్కడ ఒక తేడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. కొందరు మధ్యవర్తులు తమ డబ్బే బయానాగా ఇచ్చి, తమ పేరు మీదే అమ్మకపు ఒప్పందం రాయించుకుని, గడువులోగా వేరొకరికి ఎక్కువ ధరకు కుదుర్చుకుంటారు. అమ్మేవారికి ఆ మనిషి కొనుగోలుదారుడిగానే తెలుసు, గడువు దాటితే బయానా పోయే నష్టమూ ఆ మనిషిదే. అది వ్యాపారం. దాని బాగోగులు వేరు, దాని పన్ను లెక్క వేరు. నేను తప్పుపడుతున్నది “నీ తరఫున తిరుగుతున్నాను” అని చెప్పి నమ్మకం సంపాదించి, ఆ నమ్మకం చాటున ధర మీద ధర వేసుకునేవారిని. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లనే మధ్యవర్తి అన్న మాటకే మచ్చ వచ్చింది.

వీటి మధ్యలో ఇంకొకటుంది, మా వైపు మరీ ఎక్కువ. “నాకు చేతికి ఇంత రావాలె, మీద ఎంతొస్తే అంత నీది” అని అమ్మేవారే అంటారు. వారే ఒప్పుకున్నారు కాబట్టి ఇది దొంగతనం కాదు. అయినా నేను ఈ పద్ధతికి దూరంగా ఉంటున్నాను. ఆ మాట అనేవారిలో ఎక్కువమందికి తమ స్థలం బజారు ధర తెలియదు. పట్నంలోనో విదేశంలోనో ఉండి పదేళ్ల కిందటి ధరలు మనసులో పెట్టుకుని అంటారు. ధర తెలిసిన నేను, తెలియని వారి ఒప్పుకోలును అడ్డం పెట్టుకోవడం సరికాదు. పైగా ఆ పద్ధతిలో నా రాబడి పెరగాలంటే కొనేవారికి ఎక్కువ చెప్పాలి, అమ్మేవారికి తక్కువ చెప్పాలి. రోజంతా ఇద్దరితోనూ అబద్ధమాడితే తప్ప గిట్టుబాటు కాని పని అది.

ఇంతవరకు చెప్పింది పాత ఇళ్లకూ, వ్యవసాయ భూములకూ, విడి స్థలాలకూ వర్తించే కాంట్రాక్టు చట్టం సంగతి. లేఅవుట్లు, అపార్టుమెంట్ల దగ్గరికి వస్తే రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం, వస్తుంది. 2016లో పార్లమెంటు చేసిన ఈ చట్టం 2017 మే 1 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాలూ 2017లోనే తమ నియమాలు చేసుకున్నాయి. 500 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో సుమారు 598 గజాలు, మించిన స్థలంలో వేసే లేఅవుటయినా, ఎనిమిదికి మించిన ఫ్లాట్లు కట్టే భవనమైనా అమ్మకానికి ముందు రెరా అథారిటీ దగ్గర నమోదు కావాలి. అలా నమోదైన ప్రాజెక్టులో అమ్మకం కుదిర్చే ఏజెంటు కూడా 9వ సెక్షను కింద విడిగా నమోదు చేయించుకోవాలి, తాను కుదిర్చిన ప్రతి అమ్మకంలోనూ ఆ నంబరు వేయాలి.

ఏజెంటు అంటే ఎవరు అన్న చోట ఈ చట్టం రాసిన నిర్వచనాన్ని, మా దుకాణానికి వచ్చే ప్రతివారికీ చదివి వినిపించాలని ఉంటుంది. బేరమాడేవాడే ఏజెంటు అని అది ఆగలేదు. కొనదలచినవారినీ అమ్మదలచినవారినీ ఏ మాధ్యమం ద్వారా అయినా ఒకరికొకరిని పరిచయం చేసేవాడు కూడా ఏజెంటేనని, ప్రాపర్టీ డీలరు, బ్రోకరు, మధ్యవర్తి అన్న పేర్లలో దేనితో పిలిచినా ఒకటేనని చెప్పింది. ‘ఏ మాధ్యమం ద్వారా అయినా’ అన్న మాటలోకి వాట్సాప్ స్టేటస్ వస్తుంది, ఫేస్‌బుక్ పోస్టు వస్తుంది, పెళ్లిలో భోజనాల దగ్గర చెప్పిన మాట కూడా వస్తుంది. డబ్బు తీసుకుని ప్రాజెక్టులోని ప్లాటుకు మనిషిని పంపినప్పుడు ‘ఊరికే కలిపాను’ అన్న మాట అక్కడ చెల్లదు. నమోదు లేకుండా చేస్తే 62వ సెక్షను కింద రోజుకు 10,000 రూపాయల చొప్పున, కుదిర్చిన ప్లాటు లేదా ఫ్లాటు ఖరీదులో 5 శాతం వరకు జరిమానా పడవచ్చు. తీసుకున్నది ఒక్క శాతమైతే పోయేది దానికి ఐదింతల వరకు ఉండవచ్చు.

నమోదు చేయించుకున్న ఏజెంటుకు కూడా 10వ సెక్షను హద్దులు పెట్టింది. నమోదు కాని ప్రాజెక్టులో అమ్మకం కుదర్చకూడదు, లెక్కల పుస్తకాలు ఉంచాలి, లేని అనుమతులు ఉన్నాయని చెప్పకూడదు, కొనేవారికి హక్కుగా రావలసిన పత్రాలు, వివరాలు అందేలా చూడాలి. హైదరాబాదు చుట్టుపక్కల ‘ప్రీలాంచ్ ఆఫర్’ పేరుతో నమోదుకు ముందే సగం ధరకు ఫ్లాట్లు అమ్ముతామని డబ్బు పోగుచేసిన కథలు పత్రికల్లో మనం చదువుతూనే ఉన్నాం. వాటిలో మోసపోయినవారి దగ్గరికి ఆ బిల్డరు నేరుగా రాలేదు, తోటి ఉద్యోగో, బావమరిదో, అపార్టుమెంటులో పక్కింటివారో తీసుకువెళ్లారు. గజానికి ఇంత, చదరపు అడుగుకు ఇంత అని వారికి ముట్టింది. వారిలో చాలామంది తామూ నమ్మే పంపారు, తమ డబ్బూ పెట్టారు. అయినా నమోదు నంబరు అడగడం ఒక్క నిమిషం పని, రెరా వెబ్‌సైటులో చూడటం ఇంకో రెండు నిమిషాలు. ఆ మూడు నిమిషాలు వెచ్చించనివారికి పరిచయపు రుసుము అడిగే అర్హత లేదని నా గట్టి అభిప్రాయం.

ఉపాధ్యాయులు, ఇతర ప్రభుత్వ ఉద్యోగులు ఈ పని చేయడం గురించి ఒక్క మాట. వారి సర్వీసు నడవడిక నియమాలు అనుమతి లేని వ్యాపారాన్ని ఒప్పుకోవు. రెరాలో నమోదైనా కాకపోయినా ఆ అడ్డంకి అలాగే ఉంటుంది. భార్య పేరు మీద చేస్తున్నాను అనేవారు, ఫోనులో మాట్లాడేది ఎవరో తమను తాము అడగాలి.

“ఒక్క ఫోను చేసినందుకు లక్ష రూపాయలా?” అని కొనేవారు అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కష్టం కలుగుతుంది, ఎందుకంటే ఆ ఫోను వెనుక పని కనపడదు. ఒక ప్లాటు గురించి నేను ఎవరికైనా చెప్పే ముందు ఈసీ, అంటే ఆ ఆస్తి మీద నమోదైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం, తీయిస్తాను, వీలైతే ముప్పై ఏళ్లకు. లింకు దస్తావేజులు ఒకదాని వెనుక ఒకటి పేర్చి, ఒకదాంట్లో తూర్పు హద్దు ఇంకోదాంట్లో పడమర అయిందేమో చూస్తాను. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షను కింద రిజిస్ట్రేషన్ కుదరని నిషేధిత జాబితాలో ఉందేమో చూస్తాను. అసైన్డ్ భూమి, అంటే ప్రభుత్వం పేదలకు పంచినది, అని అనుమానం వస్తే అక్కడే ఆగిపోతాను. 1977 నాటి బదలాయింపు నిషేధ చట్టం ఉండగా అలాంటి అమ్మకానికి కుదుర్చుకున్న కమీషన్‌ను ఏ కోర్టూ ఇప్పించదు, కొన్నవారి డబ్బూ ప్రమాదంలో పడుతుంది. వ్యవసాయ భూమి అయితే రిజిస్ట్రేషన్ మా ఎదుటి కార్యాలయంలో జరగదు. తెలంగాణలో 2020లో ధరణి పోర్టల్ వచ్చినప్పటి నుంచి తహసీల్దారు దగ్గరే, దాని స్థానంలో 2025లో భూ భారతి వచ్చాక కూడా అక్కడే. పాసుపుస్తకంలో ఉన్న గుంటలు, పొలం గట్టు మీద నిలబడి కొలిస్తే ఉన్న గుంటలు ఒకటేనా అన్నది కాగితం చెప్పదు. అన్నదమ్ముల్లో ఎవరు అలిగి ఉన్నారో, ఎవరి సంతకం దొరకదో ఊరిలో టీ తాగితేనే తెలుస్తుంది. ఈ తిరుగుడుకూ ఈ తెలివిడికీ కూలి ఉండాలి. ఆ కూలిని వెలుగులో అడిగినప్పుడే దాని వెనుక ఉన్న పనిని కూడా చూపించగలం.

దీనికి నా తోటి మధ్యవర్తులు చెప్పే అభ్యంతరం బలమైనదే, దాన్ని తేలిగ్గా తీసివేయలేను. “చెప్పి తీసుకుందామంటే ఎవరూ ఇవ్వరు. అడ్రసు తెలియగానే ఇద్దరూ కలిసిపోయి మమ్మల్ని పక్కన పెడతారు. అందుకే ధరలోనే కలుపుకుంటాం” అంటారు. నిజమే, నాకూ అలా రెండుసార్లు జరిగింది. ఒకసారి నేను చూపించిన ఇంటినే నాలుగు నెలల తర్వాత ఆ కొనుగోలుదారుడు తమ్ముడి పేరు మీద రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడు, ముసాయిదా టైపు చేయించడానికి మా పక్క దుకాణానికి వెళ్లాడు. రాతపూర్వకంగా ఏమీ లేదు కాబట్టి నేను అడగలేకపోయాను. కానీ ఆ అనుభవం నుంచి నేను నేర్చుకున్నది దాచమని కాదు, ముందే రాయించుకోమని. కాంట్రాక్టు చట్టం 219వ సెక్షను ప్రకారం ప్రత్యేకంగా ఏమీ అనుకోకపోతే పని పూర్తయ్యేదాకా ఏజెంటుకు ప్రతిఫలం అడిగే హక్కు పుట్టదు. పని పూర్తి కావడం అంటే బయానా రోజా, రిజిస్ట్రేషన్ రోజా అన్న తగాదా అక్కడే మొదలవుతుంది. అమ్మకం తన ప్రయత్నం వల్లనే కుదిరిందని మధ్యవర్తి చూపించుకోవాలి. నోటిమాటకు సాక్ష్యం వెతకడం కంటే ఒక పేజీ కాగితం తేలిక. ధరలో దాచుకున్నవాడికి ఆ కాగితం ఎప్పటికీ ఉండదు, ఎందుకంటే దాచినదాన్ని రాయలేడు. ఎవరైనా ఎగ్గొడితే కోర్టుకూ వెళ్లలేడు.

డబ్బు చేతులు మారే తీరు గురించి కూడా చెప్పాలి. 2015 జూన్ నుంచి స్థిరాస్తి అమ్మకం తాలూకు అడ్వాన్సును 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడుతుంది. బయానా నోట్లను చేతి రుమాలులో చుట్టి ఇప్పించే మధ్యవర్తి, తాను ఎవరి తరఫున తిరుగుతున్నానని చెబుతున్నాడో వారినే ప్రమాదంలోకి నెడుతున్నాడు. ఇక మన రుసుము బ్యాంకు ద్వారా వస్తే అమ్మేవారికి ఒక లాభం ఉంది, దాన్ని చాలామందికి ఎవరూ చెప్పరు: మూలధన లాభం లెక్కించేటప్పుడు అమ్మకం కోసం ఇచ్చిన బ్రోకరేజీని ఖర్చుగా తీసివేసుకోవచ్చు. రసీదు ఉంటేనే అది సాధ్యం. నేను ఈ మాట చెప్పాక రసీదు వద్దన్నవారు తగ్గిపోయారు. మన వైపు చూస్తే, చిన్న వ్యాపారులకు ఉన్న అంచనా ఆదాయ పద్ధతి, అంటే లెక్కల పుస్తకాలు లేకుండా రాబడిలో ఇంత శాతం లాభమని చూపే పద్ధతి, కమీషన్ ఆదాయానికి వర్తించదు కాబట్టి లెక్క రాసుకోక తప్పదు. ఏడాదికి రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు, రుసుము మీద 18 శాతం పన్ను. డెవలపరు కంపెనీ ఇచ్చే కమీషన్‌లో టీడీఎస్, అంటే ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను, కోస్తారు, 2024 అక్టోబరు నుంచి అది 5 శాతం నుంచి 2 శాతానికి తగ్గింది.

అమెరికాలో ఉన్న మనవారు ఇక్కడి అలవాటునే అక్కడా కొనసాగించబోయి ఇబ్బంది పడవద్దు. అక్కడ చాలా రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా ఇళ్ల అమ్మకం కుదిర్చి రుసుము తీసుకోవడం చట్టవిరుద్ధం. ఇంటి రుణంతో ముడిపడిన సేవలకు మనిషిని పంపినందుకు డబ్బు పుచ్చుకోవడాన్ని రెస్పా అనే 1974 నాటి సమాఖ్య చట్టం ప్రత్యేకంగా నిషేధించింది.

నేను ఇప్పుడు వాడే కాగితం ఒక్క పేజీ. స్థలం వివరం, ఎవరి తరఫున పనిచేస్తున్నానన్నది, ఎంత శాతం, ఎవరు ఇస్తారు, బయానా రోజు సగం, రిజిస్ట్రేషన్ రోజు సగం అన్న మాట, నేను చూపించిన తర్వాత ఆరు నెలలలోపు వారు గానీ వారి కుటుంబంలోని వారు గానీ అదే స్థలం కొంటే రుసుము చెల్లుతుందన్న మాట ఉంటాయి. ఇద్దరి దగ్గరా తీసుకునేటట్లయితే ఆ సంగతి ఇద్దరి కాగితాల్లోనూ, రెండు అంకెలతో సహా ఉంటుంది. ఇద్దరి దగ్గరా తీసుకోవడం మా వైపు మామూలే, తప్పని నేను అనను. కానీ అలా తీసుకున్న రోజున ధర విషయంలో నేను ఎవరి వైపూ మాట్లాడను, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి పక్కకు తప్పుకుంటాను. పత్రంలో చివరి వాక్యం నాకు ముఖ్యమైనది: ‘ఈ రుసుము తప్ప ఈ వ్యవహారంలో నాకు ఇంకే లాభమూ లేదు.’ ఆ వాక్యం కింద నేను ముందు సంతకం పెట్టి, తర్వాత కాగితం వారి వైపు జరుపుతాను.

అందరూ పెట్టరు. పోయిన నెలలో స్కూటరు మీద వచ్చిన ఒక యువకుడు బస్టాండు వెనుక నేను చెప్పిన 150 గజాల ప్లాటు చూడాలన్నాడు. కాగితం ఇచ్చాను. రెండుసార్లు చదివి, “మనలో మనకు ఇవన్నీ ఎందుకన్నా, ముందు ప్లాటు చూపించు, తర్వాత మాట్లాడుకుందాం” అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఒక శాతం ఎక్కువనిపిస్తే తగ్గించడానికి సిద్ధమేనని, సంతకం మాత్రం ముందు కావాలని చెప్పాను. ఇంట్లో అడిగి వస్తానని కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లాడు. ఇంకా రాలేదు. ఆ ప్లాటు సర్వే నంబరు నేను అతనికి చెప్పలేదు.